మెడ ధమని ఆపరేషన్: పక్షవాతాల లెక్క ఎవరు రాయాలి?

చాలా ఆపరేషన్లు ఉన్న బాధను తీసేయడానికి చేస్తారు. అపెండిక్స్ వాస్తే తీసేస్తారు, ఎముక విరిగితే అతికిస్తారు, కంటికి శుక్లం కమ్మితే లెన్స్ వేస్తారు. మెడలోని కెరోటిడ్ ధమనిలో పేరుకున్న కొవ్వు పూడికను తొలగించే ఆపరేషన్ ఆ కోవలోకి రాదు. అది రాబోయే పక్షవాతాన్ని ముందే ఆపడానికి చేసేది. ఆపరేషన్ బల్ల ఎక్కే మనిషి చాలాసార్లు తన కాళ్ల మీద తానే నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తాడు. అయితే ఈ ఆపరేషన్ వల్ల రాగల ప్రమాదాల్లో అన్నిటికన్నా పెద్దది కూడా పక్షవాతమే. ఏ జబ్బును తప్పించాలని చికిత్స చేస్తున్నారో, చికిత్స చేతిలో అదే జబ్బు రావచ్చు.

కాబట్టి ఈ ఆపరేషన్ మంచిదా కాదా అని అడిగితే ఒక్క మాటలో జవాబు ఉండదు. ఎవరికి చేస్తున్నారు, ఎప్పుడు చేస్తున్నారు, ఎవరి చేత చేయిస్తున్నారు అన్న మూడింటి మీద అది ఆధారపడుతుంది. మొదటి రెండింటికి గత ముప్పై అయిదేళ్ల పరిశోధన చాలావరకు జవాబు చెప్పింది. మూడోదానికి జవాబు ప్రతి ఆసుపత్రీ తన సొంత లెక్కలతో చెప్పాలి. భారతదేశంలో ఆ లెక్క రోగి చేతికి అందడం లేదు. అందాలన్నదే ఇక్కడి వాదన.

మెడకు రెండు వైపులా చేయి పెడితే కొట్టుకుంటూ తగిలేవి కెరోటిడ్ ధమనులు. గుండె నుంచి మెదడు ముందు భాగానికి, కళ్లకు రక్తం వెళ్లేది వీటి గుండానే. దవడ కింద ఒక్కో ధమని రెండుగా చీలుతుంది. వాగు రెండు పాయలయ్యే చోట ఇసుక మేట వేసినట్టు, రక్తప్రవాహం సుడి తిరిగే ఆ చీలిక దగ్గరే కొవ్వు, సున్నం, వాపు కణాలు కలిసి పూడికగా పేరుకుంటాయి. పొగతాగడం, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వయసు దీనికి కారణాలు.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘మెడ నరం మూసుకుపోయింది’ అంటారు. మూసుకుపోయింది నరం కాదు, రక్తనాళం. వాడుకలో రెంటికీ ఒకే మాట ఉండటం మామూలుగా పెద్ద ఇబ్బంది కాదు కానీ, ఈ ఆపరేషన్ విషయంలో అవుతుంది. ఎందుకంటే సరిచేసేది రక్తనాళాన్ని, ఆ పనిలో దెబ్బతినే అవకాశం ఉన్నవాటిలో అసలైన నరాలు కూడా ఉన్నాయి. సంతకం పెట్టే ముందు డాక్టరు చెప్పిన ‘నరం’ ఏదో రోగికి అర్థం కాకపోతే ఆ సమ్మతికి విలువ లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. ధమని సన్నబడి మెదడుకు రక్తం చాలక పక్షవాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. కొందరిలో అదీ జరుగుతుంది. కానీ ఎక్కువమందిలో పూడిక చిట్లి, దాని మీద గడ్డకట్టిన రక్తమో, దానిలోంచి ఊడిన ముక్కో ప్రవాహంలో కొట్టుకుపోయి మెదడులోని చిన్న నాళంలో ఇరుక్కుంటుంది. ఒక్కోసారి అది కంటి నాళంలోకి వెళుతుంది. అప్పుడు ఒక కంటి ముందు తెర దించినట్టు చూపు పోయి కొన్ని నిమిషాల్లో తిరిగి వస్తుంది. చేయి తిమ్మిరెక్కి, మాట తడబడి, గంటలోపే సర్దుకునే చిన్న పక్షవాతమూ ఇలాంటిదే. తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉండిపోవడం ప్రమాదం. ఈ హెచ్చరిక తర్వాతి రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ.

ఈ ముక్కల సంగతి గుర్తుంటే ఆపరేషన్‌లో ప్రమాదం ఎక్కడ ఉందో తేలిగ్గా అర్థమవుతుంది.

కత్తి పెట్టినప్పుడు ఏం జరుగుతుంది

పూడిక తీయడానికి సర్జన్ ధమనిని విడదీసి, పైనా కిందా బిగింపులు పెట్టి, నిలువుగా కోసి, లోపలి పొరను పూడికతో సహా ఒలిచి తీస్తాడు. దీన్ని కెరోటిడ్ ఎండార్టరెక్టమీ అంటారు. విడదీసేటప్పుడు ధమని కదిలితే ఒక ముక్క ఊడి పైకి పోవచ్చు. బిగింపు పెట్టిన నిమిషాల్లో ఆ వైపు మెదడు, మిగిలిన మూడు ధమనుల నుంచి వచ్చే రక్తం మీదే బతకాలి. మెదడు అడుగున ఈ ధమనులను కలిపే ఒక వలయం ఉంటుంది. కానీ చాలామందిలో ఆ వలయం పూర్తిగా ఏర్పడి ఉండదు. అలాంటివారికి పక్కదారి గొట్టం వేసి రక్తం పంపాలి. ఎవరికి వేయాలో తెలుసుకోవడానికి మెదడు విద్యుత్ తరంగాలను, నాళాల్లో రక్తవేగాన్ని కనిపెట్టి చూస్తుంటారు. కొన్నిచోట్ల మెడకు మాత్రమే మత్తిచ్చి, రోగిని మెలకువగానే ఉంచి, ఎదురు వైపు చేతిలో పిల్లలు ఆడుకునే కీచుబొమ్మను పెడతారు. నొక్కమన్నప్పుడు బొమ్మ అరిస్తే మెదడుకు రక్తం అందుతున్నట్టు. ఇంత తెలివైన ఉపాయం వల్ల పక్షవాతాలు తగ్గి ఉంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. 3,526 మందితో జరిపి 2008లో ప్రచురించిన గాలా అధ్యయనంలో పూర్తి మత్తుకూ స్థానిక మత్తుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కోత లేకుండా తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి స్టెంట్ వేయడం రెండో పద్ధతి. దీనిలో మెడ మీద మచ్చ ఉండదు, నరాలు దెబ్బతినవు. కానీ తీగా బెలూనూ పూడికను ఒరుసుకుంటూ వెళ్లాలి. పైన జల్లెడ లాంటి వడపోత పెట్టినా కొన్ని ముక్కలు తప్పించుకుంటాయి. అంతర్జాతీయ కెరోటిడ్ స్టెంటింగ్ అధ్యయనంలో కొందరికి చికిత్సకు ముందూ తర్వాతా ఎంఆర్‌ఐ తీశారు. స్టెంట్ వేసిన 124 మందిలో 62 మందికి, ఆపరేషన్ చేసిన 107 మందిలో 18 మందికి మెదడులో కొత్తగా చిన్న మచ్చలు కనిపించాయి. అంటే ఒకవైపు సగం మంది, మరోవైపు 17 శాతం. వీరిలో చాలామందికి బయటికి ఏ లక్షణమూ లేదు. చేయి లేస్తుంది, మాట వస్తుంది, ఇంటికి పంపేస్తారు. అంతమాత్రాన మచ్చలను పట్టించుకోనక్కర్లేదని కాదు. స్టెంట్ తర్వాత ఇలాంటి మచ్చలు పడ్డవారికి తర్వాతి కాలంలో మళ్లీ మెదడు రక్తనాళాల సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువని అదే అధ్యయన బృందం తర్వాత గమనించింది.

నరాల విషయానికొస్తే, కెరోటిడ్ ధమని ఒంటరిగా ఉండదు. నాలుకను కదిలించే నరం దాన్ని అడ్డంగా దాటుతుంది. స్వరపేటికకు వెళ్లే నరం దాని పక్కనే దిగుతుంది. పెదవి మూలను కిందికి లాగే సన్నని నరం దవడ అంచున ఉంటుంది. పక్కకు లాగి పట్టుకున్న పరికరం ఒత్తిడికే ఇవి మొద్దుబారవచ్చు. అప్పుడు నాలుక ఒక వైపుకు తిరుగుతుంది, గొంతు బొంగురుపోతుంది, నవ్వితే మూతి వంకర కనబడుతుంది. చాలామందిలో కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. 2010లో వచ్చిన క్రెస్ట్ అధ్యయనంలో ఈ నరాల దెబ్బ ఆపరేషన్ వర్గంలో 4.7 శాతం, స్టెంట్ వర్గంలో 0.3 శాతం. వైద్య పత్రాల్లో దీన్ని ‘చిన్న సమస్య’ల పట్టీలో వేస్తారు. బడిపంతులుకో, పురోహితుడికో, హరికథ చెప్పేవారికో ఆరు నెలలు గొంతు లేకపోవడం చిన్నదేమీ కాదు. పైగా రెండో వైపు ఆపరేషన్ చేయాల్సి వస్తే ముందు మొదటి వైపు స్వరతంత్రి కదులుతోందో లేదో చూసి తీరాలి. రెండు వైపులా స్వరతంత్రులు పడిపోతే ఊపిరి ఆడటమే కష్టమవుతుంది.

కాలువ పూడిక తీశాక

అన్నిటికన్నా విచిత్రమైన సమస్య, ఆపరేషన్ బాగా జరిగినందువల్లే వచ్చేది. ఎగువ కాలువ పూడిపోయి ఏళ్ల తరబడి నీరు అందని చివరి భూముల రైతు తన తూములన్నీ బార్లా తెరిచి పెట్టుకుంటాడు. ఎగువన పూడిక తీసి ఒక్కసారిగా నిండా నీరు వదిలితే ఆ తూములను మూసేవారు లేక పొలాల గట్లు తెగుతాయి. మెదడులోనూ అదే జరుగుతుంది. రక్తం చాలక ఎప్పుడూ విప్పారి ఉండటానికి అలవాటుపడ్డ చిన్న నాళాలు, ప్రవాహం పెరిగినప్పుడు కుంచించుకునే శక్తిని కోల్పోతాయి. ధమని తెరుచుకోగానే మునుపటికి రెట్టింపు దాకా రక్తం వచ్చి పడితే తట్టుకోలేవు. ఆపరేషన్ చేసిన వైపు తీవ్రమైన తలనొప్పి, తర్వాత మూర్ఛ, మరీ విషమిస్తే మెదడులో రక్తస్రావం. దీన్ని అతిప్రవాహ స్థితి అనవచ్చు. ఇది వచ్చేది సుమారు నూటికి ఒకరికే. కానీ రక్తస్రావం దాకా వెళితే ప్రాణం దక్కడం కష్టం.

దీనికి ఉన్న రక్షణ ఖరీదైన యంత్రమేమీ కాదు. బీపీని కట్టుదిట్టంగా అదుపులో ఉంచడం, అంతే. మెడలో ధమని చీలిక దగ్గరే ఒంట్లో బీపీని కొలిచే సహజమైన నాడీ కేంద్రం ఉంటుంది. ఆపరేషన్‌లో అది చెదిరిపోవడం వల్ల బీపీ ఒక్కోసారి ఎగిసిపడుతుంది. ఇక్కడ అసలు ఇబ్బంది సమయానిది. రోగి రెండో రోజో మూడో రోజో ఇంటికి వెళ్లిపోతాడు. ఈ తలనొప్పి తరచుగా మొదటి వారంలో, అంటే ఇంటికి చేరాక మొదలవుతుంది. ప్రయాణం బడలిక అనుకుని ఒక మాత్ర వేసుకుని పడుకుంటారు. ఆ రాత్రి మూర్ఛ వస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే దానికి పరుగెత్తుతారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డులో మాత్రం ఆ రోగి ‘క్షేమంగా డిశ్చార్జి’ అయినవాడే.

అందుకే పరిశోధకులు డిశ్చార్జి రోజుతో లెక్క ఆపరు, 30 రోజుల దాకా చూస్తారు. ఏ ఆసుపత్రి అయినా తన పక్షవాతాల శాతం చెప్పినప్పుడు అది ఎన్నో రోజు దాకా లెక్కపెట్టిందో అడగాల్సింది ఇందుకే.

తేడా ఎంత సన్ననిదో

1950ల మొదట్లో హూస్టన్‌లో మైఖేల్ డిబేకీ, లండన్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి సర్జన్లు ఈ తరహా ఆపరేషన్లకు దారి వేశారు. తర్కం అంత తేటగా ఉండటంతో సరైన పరీక్ష లేకుండానే అది ఊరూరా పాకింది. 1980ల నడుమ నాటికి అమెరికాలో ఏటా లక్షకు పైగా జరిగేవి. 1988లో అక్కడి పరిశోధకులు 1981 నాటి 1,302 మంది వృద్ధుల రికార్డులు తిరగేస్తే, ఆపరేషన్ నిజంగా తగినవారు 35 శాతమే. తగనివారు 32 శాతం. మిగిలినవి అటూ ఇటూ తేల్చలేనివి. మొత్తం మీద 9.8 శాతం మంది చనిపోయారు లేదా మిగిలిపోయిన పక్షవాతంతో ఇంటికి వెళ్లారు. ఆ పత్రం వేసిన దెబ్బకే పెద్ద అధ్యయనాలు ఊపందుకున్నాయి అనడం కాస్త అతిశయోక్తి కావచ్చు కానీ, అనుమానం మాత్రం బలపడింది.

1991లో ఉత్తర అమెరికా అధ్యయనం నాసెట్ ఫలితాలు వచ్చాయి. అప్పటికే చిన్న పక్షవాతం లాంటి హెచ్చరిక వచ్చి, ధమని 70 శాతానికి మించి సన్నబడినవారిలో, మందులు మాత్రమే వాడితే రెండేళ్లలో ఆ వైపు పక్షవాతం 26 శాతం మందికి వచ్చింది. ఆపరేషన్ కూడా చేస్తే 9 శాతానికే. ఆ 9లో ఆపరేషన్ వల్ల వచ్చిన నష్టం కలిసే ఉంది. నూరుమందికి పదిహేడుమంది బాగుపడ్డారు. వైద్యంలో ఇంత స్పష్టమైన లాభం అరుదు. హెచ్చరిక వచ్చిన రెండు వారాల్లోపు చేస్తేనే ఈ లాభం పూర్తిగా దక్కుతుందని పీటర్ రోత్‌వెల్ బృందం 2004లో లెక్కగట్టింది. రెండు వారాల్లోపైతే అయిదుగురికి ఆపరేషన్ చేస్తే ఒక పక్షవాతం తప్పుతుంది. పన్నెండు వారాలు దాటితే 125 మందికి చేస్తే గానీ ఒకటి తప్పదు. ఇలాంటి రోగికి భయపెట్టే మాటలు చెప్పి ఆపరేషన్ వాయిదా వేయించడం అన్యాయం.

అసలు తగాదా ఏ లక్షణమూ లేనివారి విషయంలో. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలోనో, గుండె బైపాస్‌కు ముందో డాప్లర్ స్కాన్ తీస్తే ధమని సన్నబడిందని బయటపడినవారు వీరు. గొట్టం చివర వేలితో సగం మూస్తే నీరు వేగంగా చిమ్మినట్టు, సన్నబడిన చోట రక్తం వేగం పెరుగుతుంది. డాప్లర్ కొలిచేది ఆ వేగాన్నే. శాతం దానిలోంచి తీసిన అంచనా. శాతం లెక్కగట్టే పద్ధతులూ రెండున్నాయి. అమెరికా పద్ధతిలో 50 శాతం అయిన అదే ధమని, పాత యూరప్ పద్ధతిలో దాదాపు 75 శాతం అవుతుంది. నివేదికలో ఎర్రటి అక్షరాల్లో ఉన్న అంకె చూసి వణికిపోయే కుటుంబానికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. లక్షణాలు లేని సామాన్యులకు ఈ స్కాన్ వరసపెట్టి తీయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2014లోనూ, తిరిగి 2021లోనూ చెప్పింది. అయినా ప్యాకేజీల్లో అది వస్తూనే ఉంది.

ఇలాంటివారిలో 1995 నాటి అధ్యయనం ఏకాస్ చూపిన లాభం, అయిదేళ్లలో 11 శాతం నుంచి 5.1 శాతానికి. నూటికి ఆరుగురు. అందులో చికిత్స నాటి పక్షవాతాలు, మరణాలు కలిపి 2.3 శాతమే. ఏరికోరి ఎంచిన సర్జన్లు చేశారు మరి. అదే ఆపరేషన్ 6 శాతం ప్రమాదం ఉన్న చోట చేస్తే ఏమవుతుందో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయిదేళ్ల లాభం ఆరు నుంచి రెండుకు పడిపోతుంది. ఆ రెండు కూడా తొలి ఏడాది నష్టం భరించి, ఆ తర్వాత ఏళ్లు బతికి ఉన్నవారికే దక్కేవి. మార్గదర్శకాలు లక్షణాలు లేనివారికి 3 శాతం, ఉన్నవారికి 6 శాతం అనే గీతలు గీసింది ఈ లెక్కతోనే.

ఏకాస్ తర్వాత మందులు మారాయి. స్టాటిన్లు వచ్చాయి, బీపీ మందులు మెరుగయ్యాయి, ఆపరేషన్ లేకుండానే పక్షవాతాలు తగ్గాయి. 2025 నవంబరులో వచ్చిన క్రెస్ట్-2 ఫలితాల్లో, గట్టి మందుల వైద్యం ఒక్కటే తీసుకున్నవారిలో నాలుగేళ్లకు 5.3 శాతానికి, ఆపరేషన్ కూడా చేయించుకున్నవారిలో 3.7 శాతానికి కీడు జరిగింది. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు అన్నంత చిన్నది. అదే అధ్యయనంలోని స్టెంట్ విభాగంలో 6 శాతం, 2.8 శాతం. ఇది గణాంకపరంగా నిలిచింది. స్టెంట్ అమ్మేవారు ఈ రెండో జతను ఉత్సాహంగా చూపిస్తారు. చూపించనీ. కానీ ఆ స్టెంట్లు వేసినవారిని ముందుగా వడపోసి, వారి పాత ఫలితాలు తనిఖీ చేసి మరీ అనుమతించారు. ఇప్పుడు నూటికి మూడో, ఒకటిన్నరో అన్నట్టున్న లాభం ఒకటి రెండు అదనపు ప్రమాదాలతోనే తుడిచిపెట్టుకుపోతుంది. ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య ఉండే తేడా అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. కాబట్టి లక్షణాలు లేని రోగికి ‘ప్రపంచ అధ్యయనం ఏం చెప్పింది’ అన్నదానికన్నా ‘ఇక్కడ, ఈ చేతుల్లో ఎంత’ అన్నదే నిర్ణయాత్మకం.

ఎవరు చూస్తే ఎంత

మరి ఆ అంకె ఎలా వస్తుంది? 1996లో రోత్‌వెల్, స్లాటరీ, వార్లో అప్పటిదాకా అచ్చయిన అధ్యయనాలన్నిటినీ కూడదీసి ఒక చిన్న ప్రశ్న వేశారు. ఫలితాలు ఎవరు రాశారన్న దాన్ని బట్టి పక్షవాతం, మరణాల శాతం మారుతోందా? మారింది. ఆపరేషన్ తర్వాత రోగిని న్యూరాలజిస్టు పరీక్షించిన అధ్యయనాల్లో అది 7.7 శాతం. సర్జరీ విభాగానికి చెందిన ఒకే ఒక్క రచయిత రాసిన వాటిలో 2.3 శాతం.

సర్జన్లు అబద్ధమాడారని దీని అర్థం కాదు. తన చేత్తో కోసిన మనిషిని చూడటానికి వెళ్లిన డాక్టరు చేయి ఎత్తమంటాడు, పేరు చెప్పమంటాడు, సంతోషంగా వెనుదిరుగుతాడు. వేళ్ల సన్నని కదలికలో తడబాటు, చూపు పరిధిలో ఒక మూల ఖాళీ, మాట వెతుక్కోవడం లాంటివి వెతికితేనే దొరుకుతాయి. వెతకడం నేర్చినవాడు, వెతకడానికి వచ్చినవాడు వేరు. ఇంకో కారణం కూడా ఉంది. ఫలితం బాగున్నవారే పత్రం రాసి ప్రచురిస్తారు. ఈ రెండూ కలిస్తే మూడు రెట్ల తేడా రావడంలో ఆశ్చర్యం లేదు.

భారతదేశంలో ఈ పనిని వాస్క్యులర్ సర్జన్లు, న్యూరో సర్జన్లు, గుండె సర్జన్లు చేస్తారు. స్టెంట్లైతే కార్డియాలజిస్టులు, రేడియాలజిస్టులు, న్యూరాలజిస్టులు కూడా వేస్తారు. ఎవరి సంఘం వారిది, ఎవరి సదస్సు వారిది. ప్రతి కేసూ ఒకే పుస్తకంలోకి చేరి, రోగులు చూసుకోగల రూపంలో ఆసుపత్రుల వారీగా బయటికి వచ్చే ఏర్పాటు లేదు. స్వీడన్‌లో 1987 నుంచీ రక్తనాళాల ఆపరేషన్ల రిజిస్ట్రీ నడుస్తోంది. జర్మనీలో కెరోటిడ్ ఆపరేషన్ల నాణ్యతా వివరాలు సమర్పించడం తప్పనిసరి. బ్రిటన్ జాతీయ వాస్క్యులర్ రిజిస్ట్రీ ఏ ఆసుపత్రిలో ఎన్ని ఎండార్టరెక్టమీలు జరిగాయో, 30 రోజుల్లో పక్షవాతం లేదా మరణం ఎంత శాతమో అందరూ చూసేలా పెడుతుంది.

ఇక్కడ చట్టం ఇంకో దాని గురించి ఆలోచించింది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ప్రతి సేవకూ ఎంత వసూలు చేస్తారో స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ కనిపించేలా బోర్డు పెట్టమంటాయి. తెలంగాణ ఆ చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. ధర ఎంతో తెలుగులో రాయించగలిగిన ప్రభుత్వం, ఫలితం ఎంతో కూడా రాయించగలదు.

దీనికి డాక్టర్లు చెప్పే అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది అంకెల అల్పత్వం. ఏడాదికి 30 కేసులు చేసే చోట ఒక్క పక్షవాతం వస్తే 3.3 శాతం, రెండు వస్తే 6.7 శాతం. అదృష్టం కొద్దీ ఏదైనా అవుతుంది. ‘మా దగ్గర 30 కేసుల్లో ఒక్క పక్షవాతమూ లేదు’ అన్న మాట వింటే ఘనంగా ఉంటుంది కానీ, గణాంక శాస్త్రంలో ఒక మోటు సూత్రం ఉంది. మూడును కేసుల సంఖ్యతో భాగించాలి. 30లో సున్నా వచ్చినా అసలు ప్రమాదం 10 శాతం దాకా ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం. 300లో సున్నా వస్తే అప్పుడు 1 శాతం లోపు అనవచ్చు. అంటే చిన్న అంకెలు చెప్పుకునే ధీమాకూ ఆధారం కావు, వేసే నిందకూ ఆధారం కావు. దీనికి విరుగుడు అంకెలు దాచడం కాదు. మూడేళ్ల కేసులు కలిపి, ఎన్ని చేశారో పక్కనే రాసి, పొరపాటు పరిధితో సహా చూపించడం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. లెక్కలు బయటపెడితే సర్జన్లు కష్టమైన రోగులను వదిలేస్తారు. న్యూయార్క్‌లో గుండె బైపాస్ మరణాల జాబితాలు ప్రకటించినప్పుడు 1990లలో ఇదే వాదన వచ్చింది. కెరోటిడ్ విషయంలో ఈ భయాన్ని సగం తగ్గించే మార్గం ఒకటుంది. హెచ్చరిక లక్షణాలు వచ్చినవారిని, రానివారిని వేర్వేరు పట్టీల్లో రాయడం. మొదటివారికి ప్రమాదం సహజంగానే ఎక్కువ, లాభమూ ఎక్కువ. రెండోవారిని కొందరిని వదిలేస్తే నష్టమేమిటో క్రెస్ట్-2 చూశాక చెప్పడం కష్టం.

మూడోది, ఈ పెద్ద అధ్యయనాల్లో చాలామంది అమెరికా, యూరప్ వాళ్లు కదా అన్నది. నిజమే. ఆసియా వాసుల్లో మెడలో కన్నా పుర్రె లోపలి ధమనులు సన్నబడటం వారికన్నా ఎక్కువ. మెడలో పూడిక తీసినా పైన అలాంటిది మిగిలి ఉంటే లెక్క మారుతుంది. ఇది ఇక్కడి ఫలితాలు రాయకపోవడానికి కారణం కాదు, తప్పక రాయడానికి కారణం.

రిజిస్ట్రీ వచ్చేలోగా మెడ ధమని ఆపరేషన్ చెప్పించుకున్న కుటుంబం నాలుగు సంగతులు అడగవచ్చు. ఇది హెచ్చరిక వచ్చినందుకు చేస్తున్నారా, స్కాన్‌లో కనబడినందుకా? గత మూడేళ్లలో ఇక్కడ ఎన్ని చేశారు? 30 రోజుల్లో ఎంతమందికి పక్షవాతం వచ్చింది, ఎంతమంది చనిపోయారు? ఆపరేషన్ తర్వాత రోగిని చూసేది న్యూరాలజిస్టేనా? జవాబులు అంకెల్లో రాకపోతే, లక్షణాలు లేని రోగికి తొందరేమీ లేదు. స్టాటిన్, బీపీ మందు, డాక్టరు చెబితే ఆస్పిరిన్, బీడీ సిగరెట్ మానడం ఆ రోజే మొదలుపెట్టవచ్చు, రెండో డాక్టరును చూడవచ్చు. ఆపరేషన్ అయితే డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రెండు వాక్యాలు రాయించుకోవాలి. మొదటి కొన్ని వారాలు రోజూ ఇంట్లో బీపీ చూడాలి, ఎంత దాటితే ఫోన్ చేయాలో ఆ అంకె రాయాలి. ఆపరేషన్ వైపు తలనొప్పి పెరుగుతుంటే మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే రావాలి, రాత్రైనా సరే.